పాత యూటీవీ కొన్నాక రీకాల్ ఉందని తెలిసింది, డీలరు మాత్రం చేయనంటున్నాడు

టెక్సాస్_తోటమాలి

ఆస్టిన్‌కు గంట ప్రయాణం దూరంలో మాకు ఆరెకరాల స్థలం ఉంది. కంచె చూసుకోవడానికి, ఎండుకొమ్మలు లాగించడానికి గత నవంబరులో ఒక సైడ్ బై సైడ్ యూటీవీ కొన్నాను. స్టీరింగు చక్రం, పక్కపక్కనే రెండు సీట్లు, వెనక చిన్న తొట్టి ఉన్న మట్టిదారి బండి అది. కొత్తది మన అందుబాటులో లేదు కనుక పక్క ఊరి రైతు ఒకాయన వాడినది తీసుకున్నాను. కొనేముందు జాగ్రత్త పడలేదని ఎవరూ అనుకోవద్దు. కార్లకు చూసినట్టే పదిహేడు అక్షరాల విన్ నంబరును, అంటే మన దగ్గర ఛాసిస్ నంబరు అనేదాన్ని, రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో కొట్టి చూశాను. రీకాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కి పిలవడం, ఏదీ కనిపించలేదు. ఆ ధీమాతోనే ఐదు నెలలు నడిపాను, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాను కూడా.

రెండు వారాల క్రితం సీటు కింద నుంచి పెట్రోలు వాసన వచ్చింది. సీటు ఎత్తి టార్చి వేసి చూస్తే, ఇంధనం గొట్టం ఒక ఇనుప బ్రాకెట్టుకు ఒరుసుకుని, పై రబ్బరు అరిగిపోయి, లోపలి నూలు అల్లిక తెల్లగా బయటపడి ఉంది. అక్కడికి జానెడు దూరంలోనే సైలెన్సరు పైపు. ఈ మోడలుకు సరిగ్గా ఈ లోపం మీదే మూడేళ్ల క్రితం రీకాల్ ప్రకటించారని ఆ రాత్రి ఒక వీడియో కింది వ్యాఖ్యల్లో చదివి తెలుసుకున్నాను. మర్నాడు డీలరు దగ్గరకు వెళితే, నేను మొదటి యజమానిని కానని, వారంటీ ఎప్పుడో ముగిసిందని, పైగా ఎవరో సైలెన్సరు మార్చారని చెప్పి, డబ్బు కడితేనే చేస్తానన్నాడు. రీకాల్ మొదట కొన్నవాడికేనా, లేక బండికా? ప్రభుత్వ వెబ్‌సైటులో ఎందుకు కనిపించలేదు?

ఎడిసన్_ఎన్నారై

సమాధానాలు వచ్చేలోగా ఆ బండిని షెడ్డులోంచి బయటికి తీసి, ఇంటికీ ఎండుగడ్డికీ దూరంగా నిలబెట్టండి. ఇంజను వేసి నడపవద్దు, తోసుకుంటూ తీసుకువెళ్లండి. మిగతా చర్చ తరువాత చేసుకోవచ్చు.

సెక్షన్_శాస్త్రి

మీ రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే బోల్తా పడుతున్నారు. ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ పరిధి ప్రజా రహదారుల మీద నడిచే వాహనాలు, వాటి టైర్లు, పిల్లల కారు సీట్ల వంటివి. రోడ్డు మీదికి రావడానికి తయారు కాని ఏటీవీలు (హ్యాండిలు పట్టుకుని నడిపే నాలుగు చక్రాల మట్టిదారి బండ్లు), యూటీవీలు చట్టం దృష్టిలో మోటారు వాహనాలే కావు. అవి మిక్సీలాగా, మంచంలాగా వినియోగ వస్తువులు. కనుక వాటి రీకాళ్లు సీపీఎస్‌సీ అనే వేరే సంస్థ ప్రకటిస్తుంది. వినియోగ వస్తువుల భద్రత కోసం 1972 నాటి చట్టంతో ఏర్పడిన సంస్థ అది. మీరు తలుపు తట్టారు గాని, అది పక్కింటి తలుపు. అక్కడ ఏమీ కనిపించకపోవడం వల్ల రీకాల్ లేదని కాదు, ఆ బండి వాళ్ల పద్దులోనే లేదని అర్థం.

ఇక మొదటి ప్రశ్న. వారంటీ అనేది కొన్నవాడికీ అమ్మినవాడికీ మధ్య గడువుతో కూడిన ఒప్పందం. రీకాల్ అలాంటిది కాదు. వస్తువులోని ప్రమాదాన్ని తొలగించడం కోసం తయారీదారు సీపీఎస్‌సీతో కలిసి ప్రకటించే చర్య అది. మరమ్మతు, మార్పిడి, డబ్బు వాపసు, ఈ మూడింటిలో ఏది ఇస్తామన్నారో ప్రకటనలోనే రాసి ఉంటుంది. బండి ఎన్ని చేతులు మారినా, ఆ నంబరు జాబితాలో ఉంటే ఆ మరమ్మతు బండికి చెందుతుంది. డీలరుతో వాదించి లాభం లేదు. తయారీ సంస్థ వినియోగదారుల విభాగానికి నేరుగా ఫోను చేసి, విన్ నంబరు చెప్పి, మీ పేరు మీద కొత్త యజమానిగా నమోదు చేయించుకోండి. వారి నుంచి ఒక కేసు నంబరు తీసుకుని మళ్లీ డీలరు దగ్గరకు వెళ్లండి.

ఓరుగల్లు_స్పానర్

శాస్త్రి గారు చెప్పింది చట్టం, నేను స్పానరు పట్టుకునేవాడి మాట చెబుతాను. హన్మకొండలో పదకొండేళ్లు, డాలస్ దగ్గర తొమ్మిదేళ్లు మెకానిక్ పని చేశాను. వారంటీ గురించి, యజమాని గురించి మీ డీలరు చెప్పినవి ఒట్టి సాకులే, కానీ సైలెన్సరు గురించి చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. ఇటువంటి రీకాళ్లలో గొట్టం మార్చి ఊరుకోరు, గొట్టానికీ పైపుకూ మధ్య ఒక వేడి కాపు రేకు కూడా బిగిస్తారు. ఆ రేకు రంధ్రాలు కంపెనీ వేసిన పైపు వంపునకే సరిపోతాయి. పాత యజమాని చప్పుడు కోసం వేరే పైపు వేసుకుని ఉంటే రేకు కూర్చోదు. బలవంతంగా వంచి కూర్చోబెడితే అదే మళ్లీ గొట్టాన్ని కోస్తుంది. కాబట్టి అమ్మినాయనను అడగండి, పాత సైలెన్సరు ఏ మూలనో పడి ఉంటుంది. ఇటువంటివి ఎవరూ పారేయరు.

బందరు_లడ్డు

రీకాల్ అని చదివి, ఎన్నుకున్నాక పని చేయని ఎమ్మెల్యేలను వెనక్కి పిలిచే పద్ధతి వచ్చిందేమోనని ఆశగా లోపలికి వచ్చాను.

ఎడిసన్_ఎన్నారై

లడ్డు గారూ, వాళ్లకు వారంటీ ఐదేళ్లు, రీకాల్ లేదు. ఇక బండి దగ్గరకు రండి.

పల్నాటి_మిర్చి

అందరూ సర్ది చెబుతున్నారు గాని, నాకు ఒకటే సూత్రం. ఎక్కువ రీకాళ్లు వచ్చిన కంపెనీ సరుకు గడప తొక్కనివ్వకూడదు. లోపం లేకపోతే వెనక్కి ఎందుకు పిలుస్తారు? కొనేముందు ఆ కంపెనీ పేరు పక్కన రీకాల్ అని కొట్టి చూస్తే తేలిపోయేది.

డెట్రాయిట్_డ్రాయింగ్

మిర్చి గారి సూత్రంతో నేను ఏకీభవించలేను. నా వృత్తి వాహనాల విడిభాగాల రూపకల్పన. లోపం లేని యంత్రం నేను ఇంతవరకూ చూడలేదు. లోపాన్ని ఎంత త్వరగా ఒప్పుకున్నారన్నదే తేడా. అమెరికాలో లోపం ప్రమాదకరమని తెలిసిన కంపెనీ 24 గంటల్లోగా సీపీఎస్‌సీకి చెప్పితీరాలి. చెప్పడం ఆలస్యమైతే ఏమవుతుందో మట్టిదారి బండ్లలోనే పెద్ద ఉదాహరణ ఉంది.

పోలారిస్ సంస్థ 2016 ఏప్రిల్‌లో 2013 నుంచి 2016 వరకూ వచ్చిన ఆర్‌జెడ్‌ఆర్ 900, 1000 బండ్లను సుమారు 1,33,000 రీకాల్ చేసింది. నడుస్తుండగా మంటలు అంటుకున్నాయని అప్పటికి 160కి పైగా ఫిర్యాదులు వచ్చి ఉన్నాయి. ఒక బండి బోల్తా పడి మంటలు లేచిన ప్రమాదంలో పదిహేనేళ్ల పాప చనిపోయింది. రీకాల్‌తో కథ ముగియలేదు. మంటల సంగతి తెలిసి కూడా వెంటనే చెప్పలేదన్న ఆరోపణ మీద 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థ 2 కోట్ల 72 లక్షల 50 వేల డాలర్ల జరిమానా కట్టడానికి అంగీకరించింది. తప్పు ఒప్పుకున్నట్టు కాదని ఆ ఒప్పందంలోనే రాసుకున్నారు. జరిమానా లోపానికి కాదు, మౌనానికి. కాబట్టి రీకాళ్ల సంఖ్య చూసి భయపడడం కంటే, ఎన్ని ఫిర్యాదుల తరువాత రీకాల్ వచ్చిందో ఆ ప్రకటనలో చూడండి. రెండు మూడు ఫిర్యాదులకే వెనక్కి పిలిచిన కంపెనీనీ, వందా నూటయాభై దాకా ఆగిన కంపెనీనీ ఒకే గాటన కట్టకూడదు.

పల్నాటి_మిర్చి

లెక్క నేను కూడా చూశాను. 2017లో ఆ కంపెనీ అమ్మకాలు 500 కోట్ల డాలర్లు దాటాయి. అంటే నూరు రూపాయల బేరానికి అర్ధ రూపాయి జరిమానా. మా మిర్చి యార్డులో తూకం మోసానికి ఇంతకంటే ఎక్కువ గుంజుతారు. మౌనానికి అంత చవక ధర పెడితే మౌనంగానే ఉంటారు.

డెట్రాయిట్_డ్రాయింగ్

జరిమానా చిన్నదన్న మాట కాదనను. కాకపోతే దావాలు, చెడ్డపేరు, లక్ష బండ్లకు చేతికూలీ కలిపితే అసలు ఖర్చు ఆ అంకెలో కనిపించదు.

సెక్షన్_శాస్త్రి

డ్రాయింగ్ గారి మాటకు ఒక అనుబంధం. రీకాల్ అన్న పదాన్నే పలకకుండా పని జరిపించే ఉపాయం ఒకటుంది. 2009లో యమహా రైనో అనే యూటీవీలు పక్కకు పల్టీ కొడుతున్నాయని సీపీఎస్‌సీ పరిశీలించింది. అప్పటికి ఆ బండ్ల ప్రమాదాల్లో 46 మంది చనిపోయారు. వారిలో చాలామంది బెల్టు పెట్టుకోలేదన్నదీ నిజమే. చివరికి ప్రకటించిన దాని పేరు 'ఉచిత మరమ్మతు కార్యక్రమం'. వెనక చక్రాలను స్పేసర్లు అనే మధ్య బిళ్లలతో బయటికి జరిపి ఎడం పెంచడం, వెనక రెండు చక్రాలను కలిపే స్టెబిలైజర్ కడ్డీ తీసివేయడం, అంతే ఆ మరమ్మతు. అంత చిన్న పనితో మలుపులో బండి నిలదొక్కుకునే తీరు మారుతుందంటే, ఆ పని చేయని బండి ఇంకా ఎవరి కొట్టంలోనో ఉందన్న సంగతి భయపెట్టాలి. మన దేశంలో 2010లో కొన్ని నానో కార్లకు నిప్పు అంటుకున్నప్పుడు టాటా వారు కూడా అదనపు భద్రతా భాగాలు ఉచితంగా వేస్తామన్నారు, ఇది రీకాల్ కాదన్నారు. వెతికేటప్పుడు రీకాల్ ఒక్కమాటే కొట్టి ఊరుకోకండి.

బందరు_లడ్డు

మా నాన్నగారు అప్పును చేబదులు అనేవారు. అలాంటిదే ఇది కూడా.

ఇద్దరు_పిల్లల_అమ్మ

మీరంతా బండ్ల గురించి మాట్లాడుతున్నారు, నా అనుభవం పిల్లల వస్తువుతో, కానీ తోటమాలి గారి ఇబ్బందీ నాదీ ఒకటే. మేము షార్లెట్‌లో ఉంటాం. మన తెలుగువాళ్ల వాట్సాప్ గుంపుల్లో పిల్లల సామాను ఇల్లు మారుతూ ఉంటుంది కదా. మా పెద్దాడు పుట్టినప్పుడు ఒక స్నేహితురాలు తన బిడ్డ పడుకున్న వాలు ఊయల ఇచ్చింది. తనకు అంతకుముందు ఇంకొకరు ఇచ్చారట. పెట్టె లేదు, రసీదు లేదు, నమోదు కార్డు అసలే లేదు. మూడు నెలలు వాడాం. పిల్లల డాక్టరమ్మ మాటల మధ్యలో 'బిడ్డ ఎక్కడ పడుకుంటున్నాడు' అని అడిగారు. నేను ఫోటో చూపించాను. ఆమె వెంటనే ఇంటికి వెళ్లి దాన్ని విరగ్గొట్టి పారేయమన్నారు, ఎవరికీ ఇవ్వొద్దని రెండుసార్లు చెప్పారు. అది రీకాల్ అయి అప్పటికి ఏడాదిన్నర. ఉత్తరం వెళితే మొదట కొన్నామె ఇంటికి వెళ్లి ఉంటుంది. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇటువంటి వాటిలో అందరికీ తెలిసినది ఫిషర్ ప్రైస్ రాక్ ఎన్ ప్లే. 2019 ఏప్రిల్‌లో సుమారు 47 లక్షల ఊయలలు రీకాల్ చేశారు. అప్పటికే 30 మందికి పైగా పసివాళ్లు పోయారు. ఆ తరువాత కూడా ఇళ్లలో అవి తిరుగుతూనే ఉన్నాయి కనుక 2023 జనవరిలో అదే రీకాల్‌ను మళ్లీ ప్రకటించవలసి వచ్చింది. రీకాల్ అయిన తరువాత కూడా కనీసం ఎనిమిది మంది పిల్లలు చనిపోయారని ఆ రెండో ప్రకటనలో ఉంది. ఆ ఎనిమిది దగ్గర నా చదువు ఆగిపోయింది.

ఎడిసన్_ఎన్నారై

మా గరాజులో కూడా ఒక స్నేహితుడి పిల్లల సామాను ఉంది. ఈ శనివారం అన్నింటి మోడలు నంబర్లూ చూస్తాను.

సెక్షన్_శాస్త్రి

అమ్మ గారు చెప్పిన దానికి చట్టం వైపు నుంచి ఒక విచిత్రం ఉంది. 2008 నాటి సవరణ చట్టం తరువాత రీకాల్ అయిన వినియోగ వస్తువును అలాగే అమ్మడం అమెరికాలో చట్టవిరుద్ధం. పాత సామాను దుకాణానికే కాదు, ఇంటి ముందు బల్ల వేసుకుని అమ్ముకునేవారికీ అది వర్తిస్తుందని సీపీఎస్‌సీ చెబుతుంది. అదే పాత కార్ల డీలరు మాత్రం రీకాల్ పని జరగని కారును అమ్మవచ్చు, కేంద్ర చట్టం అడ్డుచెప్పదు. 2016 నుంచి పెద్ద అద్దె కార్ల సంస్థలకు మాత్రం అటువంటి కారు ఇవ్వకూడదన్న నిబంధన ఉంది. తోటమాలి గారి బండి వినియోగ వస్తువు కనుక, మరమ్మతు చేయించకుండా ఆయనకు అమ్మినది కూడా ఆ నిషేధం కిందికే వస్తుంది. పాపం ఆ రైతుకు ఆ సంగతి తెలిసి ఉండదు.

టెక్సాస్_తోటమాలి

ఆయనకు నిజంగానే తెలియదు. నిన్న ఫోను చేశాను. ఆయన కూడా రెండో యజమానేనట. పాత సైలెన్సరు కోళ్ల గూటి వెనక ఉందన్నారు, స్పానర్ గారి జోస్యం ఫలించింది. తయారీ సంస్థకు కూడా చేశాను, నలభై నిమిషాలు సంగీతం వినిపించి చివరికి కేసు నంబరు ఇచ్చారు.

ఉప్పాడ_గాలి

రెండో యజమాని సమస్య మన దగ్గర కార్లలోనూ ఉంది. జపాను సంస్థ తకాటా తయారు చేసిన ఎయిర్‌బ్యాగుల సంగతి చాలామందికి తెలుసు, కానీ అది మన కోస్తా వాళ్లకు ఎంత దగ్గరిదో తెలియదు. ఆ బ్యాగును ఉబ్బించే డబ్బాలో అమ్మోనియం నైట్రేటు ఉంటుంది. ఏళ్ల తరబడి వేడి, ఉక్కపోత తగిలితే అది పాడై, బ్యాగు విచ్చుకునే క్షణంలో డబ్బాయే పేలి ఇనుప ముక్కలు మొహం మీదికి వస్తాయి. అందుకే అమెరికాలో ఫ్లోరిడా, టెక్సాస్ వంటి ఉక్క రాష్ట్రాలకు ముందు వరుస ఇచ్చారు. కాకినాడలో మే నెల గడిపినవారికి ఈ వరుస ఎందుకో వేరే చెప్పనవసరం లేదు. హోండా వారు మన దేశంలో 2016 జూలైలో ఒక్కసారే 1,90,578 కార్లను ఈ కారణంగా పిలిచారు, అంతకు ముందూ తరువాతా కూడా విడతలుగా పిలిచారు.

మా నాన్నగారు వేరొక కంపెనీ కారును మూడో చేతిగా కొన్నారు. తెరిచి చూస్తే సర్వీసు పుస్తకంలో భువనేశ్వర్ చిరునామా ఉంది. ఛాసిస్ నంబరును ఆ కంపెనీ వెబ్‌సైటులో కొడితే రీకాల్ పని బాకీ ఉందని తేలింది. రాజమండ్రి వెళ్లి చేయించుకున్నారు, పైసా తీసుకోలేదు. పని అయిపోయాక నాన్నగారు పాత డబ్బా చూపించమన్నారట. అది కంపెనీకి తిరిగి పంపాలని చెప్పి ఇవ్వలేదు. ఇంటికి వచ్చాక ఆ డబ్బా చూడనివ్వలేదన్న కోపమే వారం రోజులు.

పల్నాటి_మిర్చి

మన దగ్గర బలవంతం చేసే చట్టం ఉందా అసలు? కంపెనీ దయతలిస్తే తప్ప?

సెక్షన్_శాస్త్రి

2012లో వాహన తయారీదారుల సంఘం సియామ్ ఒక స్వచ్ఛంద నియమావళి పెట్టుకుంది. దాని ప్రకారం కంపెనీలు తమంతట తామే పిలుస్తూ వచ్చాయి. 2019లో మోటారు వాహనాల చట్టానికి 110ఏ సెక్షను చేర్చారు. దాని నియమాలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఏడేళ్ల లోపు వాహనాల్లో భద్రతా లోపం ఉందని యజమానులు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ వెబ్‌సైటు వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. అమ్మకాలతో పోలిస్తే నిర్ణీత సంఖ్యలో ఫిర్యాదులు వస్తే ప్రభుత్వం విచారించి రీకాల్ చేయమనవచ్చు, 10 లక్షల నుంచి కోటి రూపాయల వరకూ జరిమానా వేయవచ్చు. కోటి దగ్గర ఆగిపోయిన ఆ అంకె మీద మిర్చి గారు ఏమంటారో నాకు ముందే తెలుసు.

పల్నాటి_మిర్చి

తెలుసు కదా, మరి నా చేత అనిపించడం ఎందుకు?

ఓరుగల్లు_స్పానర్

మట్టిదారి బండ్లని మొదలుపెట్టాం కనుక మన థార్ సంగతి కూడా చెప్పాలి. 2021 ఫిబ్రవరిలో మహీంద్రా వారు 1,577 డీజిలు థార్‌లను పిలిచారు. 2020 సెప్టెంబరు 7 నుంచి డిసెంబరు 25 దాకా తయారైనవి అవి. ఇంజను కవాటాలను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టులు సరఫరా చేసిన కర్మాగారంలో యంత్రం అమరిక తప్పిందన్నారు. మా తమ్ముడి బండి డిసెంబరు చివరి వారంలో తయారైంది. ఆ జాబితాలో లేనందుకు వాడు రెండు రోజులు ఆనందించాడు, తరువాత ఉచితంగా కొత్త క్యామ్‌షాఫ్టు పోయిందని బాధపడ్డాడు. రీకాల్‌ను అవమానంగా కాక, రావలసిన బాకీగా చూడాలని అప్పుడే నాకు తట్టింది.

ఇందూరు_పసుపు

స్పానర్ గారి తమ్ముడిది అదృష్టం. మా నిజామాబాద్‌లో 2022 ఏప్రిల్‌లో ఇంట్లో ఉన్న ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయారు. ఆ వెంటనే హైదరాబాదుకు చెందిన ప్యూర్ ఈవీ 2,000 స్కూటర్లను పిలిచింది. ఆ నెలలోనే ఓకినావా 3,215, ఓలా 1,441 బండ్లను పిలిచాయి. పరీక్షల ప్రమాణం ఏఐఎస్ 156ను బ్యాటరీల విషయంలో గట్టిపరిచి 2022 డిసెంబరు నుంచి విడతలుగా అమలు చేశారు. ఇదంతా పత్రికల్లో వచ్చింది. మా వీధిలో ఏం జరిగిందో చెబుతాను. మా పక్కింటాయనకు వేరే కంపెనీ స్కూటరు ఉంది, దానికీ బ్యాటరీ తనిఖీ పిలుపు వచ్చింది. ఆయన వెళ్లలేదు. బ్యాటరీ తీసుకుని మళ్లీ ఎప్పుడిస్తారో తెలియదు, పాలు పోసే పని ఆగిపోతుంది అన్నారు. రాత్రి చార్జింగు మాత్రం వంటింట్లోంచి వరండాలోకి మార్చారు. ఆయన రీకాల్‌ను అంతవరకే పాటించారు. బదులు బ్యాటరీ ఇచ్చి ఉంటే తప్పకుండా వెళ్లేవారు. మరమ్మతు ఉచితమే, కానీ పోగొట్టుకునే నాలుగు రోజుల కూలీ సంగతి ఏ ప్రకటనలోనూ ఉండదు.

డెట్రాయిట్_డ్రాయింగ్

పసుపు గారు పట్టుకున్నది అసలైన ముడి. మా సమావేశాల్లో రీకాల్‌కు ఎంతమంది స్పందించారన్న శాతం చూస్తాం గాని, రానివాడు ఎందుకు రాలేదని అడగము.

అనంతగిరి_దారి

మాది వికారాబాద్ దగ్గర చిన్న రిసార్టు. పిల్లలకు, ఐటీ వాళ్లకు ఏటీవీ తిప్పే ఆట పెట్టాం, నాలుగు బండ్లు ఉన్నాయి. వీటిని రోడ్డెక్కించం, నంబరు ప్లేటు లేదు. ఈ చర్చ చదివాక వాహన్ పోర్టల్‌లో చూద్దామంటే అసలు రిజిస్ట్రేషనే లేదు కదా. అమ్మినవాడు ఇచ్చిన కాగితం మీద తయారీ సంస్థ పేరు కూడా సరిగా లేదు. మాకు దిక్కెవరు?

సెక్షన్_శాస్త్రి

రోడ్డెక్కని బండ్లకు వినియోగదారుల రక్షణ చట్టమే దిక్కు. 2019లో చేసిన చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చింది. దాని కింద ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు ప్రమాదకరమైన వస్తువులను వెనక్కి పిలిపించి డబ్బు ఇప్పించే అధికారం ఉంది. వాళ్లు దాన్ని వాడారు కూడా. ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి అన్న ఆదేశం 2021 ఫిబ్రవరి నుంచి ఉన్నా, ఆ గుర్తు లేని ప్రెషర్ కుక్కర్లు తమ వేదిక మీద అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో అమెజాన్‌కు లక్ష రూపాయల జరిమానా వేసి, అలా అమ్ముడైన 2,265 కుక్కర్లు కొన్నవారందరికీ తెలియజేసి, వాటిని వెనక్కి తీసుకుని, సొమ్ము తిరిగి ఇమ్మన్నారు. ఫ్లిప్‌కార్టుకు కూడా 598 కుక్కర్ల విషయంలో అలాంటి ఆదేశమే ఇచ్చారు. ఆన్‌లైనులో కొన్నవాడి చిరునామా వారి దగ్గర ఉంటుంది కనుక తెలియజేయడం సాధ్యమైంది. మీ బండ్లకు చిరునామా రెండు వైపులా లేదు, అదే చిక్కు. తయారీ సంస్థ ఎవరో తేలకపోతే అమ్మినవాడిదే బాధ్యత అని ఆ చట్టంలో ఉత్పత్తి బాధ్యత అధ్యాయం చెబుతుంది, కాబట్టి ఆ కాగితాన్ని జాగ్రత్తగా దాచుకోండి.

ఓరుగల్లు_స్పానర్

దారి గారూ, చట్టం వచ్చేలోగా మీరు చేయగలిగింది ఉంది. ప్రతి ఉదయం సీటు తీసి, సైలెన్సరు చుట్టూ పేరుకున్న ఎండుటాకులు, బురద గీకించండి. ఇంధనం గొట్టం మొదటి నుంచి చివరిదాకా వేళ్లతో తడిమి చూడండి, కళ్లతో కాదు. అరిగిన చోటు వేలికి ముందు తెలుస్తుంది. చక్రం వదులుగా ఉందేమో చేత్తో ఊపి చూడండి. చిన్న పిల్లల చేతికి పెద్ద బండి ఇవ్వకండి, తండ్రి ఎంత బతిమాలినా సరే.

అనంతగిరి_దారి

బతిమాలేది తండ్రులు కాదు, వీడియో తీసే మేనమామలు. రేపటినుంచి తడిమి చూస్తాం.

టెక్సాస్_తోటమాలి

పని పూర్తయింది కనుక వివరంగా రాస్తున్నాను, నాలాగా వెతుక్కుంటూ వచ్చేవారికి పనికొస్తుంది. కోళ్ల గూటి వెనకనుంచి పాత సైలెన్సరు తెచ్చి ముందు దాన్ని బిగించుకున్నాను. తుప్పు పట్టిన రెండు బోల్టులు నా ఆదివారాన్ని మింగేశాయి. కేసు నంబరుతో డీలరు దగ్గరకు వెళితే అదే మనిషి, అదే బల్ల, కానీ ఈసారి 'మొదటి యజమాని' అన్న మాటే ఎత్తలేదు. కంప్యూటర్లో నంబరు కొట్టి, పని బాకీ ఉందని తనే చెప్పాడు. కొత్త గొట్టం, దాన్ని బ్రాకెట్టుకు దూరంగా పట్టి ఉంచే రెండు క్లిప్పులు, ఒక వేడి కాపు రేకు వేశారు. గంట లోపు అయిపోయింది. బిల్లు సున్నా. పాత గొట్టం అడిగి తెచ్చుకున్నాను, బల్ల మీద పెట్టి చూస్తే అరిగిన చోట నా గోరు దిగబడుతోంది. మా అమ్మాయి దాన్ని చూసి ఏమీ అనలేదు గాని, మళ్లీ బండి ఎక్కేముందు సీటు ఎత్తి చూపించమంది.

సీపీఎస్‌సీ వారి సేఫర్‌ప్రొడక్ట్స్ వెబ్‌సైటులో నా ఫిర్యాదు కూడా నమోదు చేశాను. రీకాల్ అయిన వస్తువుకు ఫిర్యాదు ఎందుకని మా ఆవిడ అడిగింది. మూడేళ్ల తరువాత కూడా మరమ్మతు కాని బండి ఒకటి బయట తిరుగుతోందని వాళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి కదా.

ఇద్దరు_పిల్లల_అమ్మ

అమ్మాయి మంచి పని చేసింది. ఆ రైతుకు ఈ సంగతి చెప్పారా?

ఎడిసన్_ఎన్నారై

శనివారం గరాజు చూశాను. ఎనిమిది వస్తువుల్లో ఒకటి రీకాల్ జాబితాలో తేలింది, పిల్లవాడి మెట్ల గేటు. ఇచ్చినాయనకు చెబితే, తన దగ్గర అలాంటిదే ఇంకొకటి వాడకంలో ఉందన్నాడు.

టెక్సాస్_తోటమాలి

అమ్మ గారూ, రైతుకు చెప్పాను. ఆయన ఒక నిమిషం మాట్లాడలేదు. తరువాత, అదే ఏడాది అదే మోడలు ఇంకొకటి తన బావమరిదికి తనే ఇప్పించానని, అతను ఓక్లహోమాలో ఉంటాడని చెప్పి నంబరు ఇచ్చారు. సాయంత్రం రెండుసార్లు చేశాను, ఎత్తలేదు. విన్ నంబరు ఎక్కడ ఉంటుందో ఫోటో తీసి సందేశం పెట్టాను. రేపు పొద్దున్న మళ్లీ చేస్తాను.